నరాల డాక్టరుతో మాటామంతీ: "కొత్త వైద్యం వచ్చిందట, మావాళ్లకి పనికొస్తుందా?"

ఈ నెల ఉత్తరాలు చాలావరకు ఒకే తీరున ఉన్నాయి. మెదడుకో నరాలకో ఏదో కొత్త వైద్యం వచ్చిందని వాట్సాప్‌లో చూసి, అది తమవాళ్లకి పనికొస్తుందా అని అడిగారు. ఒకాయన వీడియో లింకుని కూడా కాగితం మీద అక్షరం అక్షరం రాసి పంపారు. ఆయన ఓపికకి నమస్కారం. అన్నిటికీ ఇక్కడ జాగా లేదు, కొన్ని మాత్రమే తీసుకున్నాను. స్కాన్ ఫిలింలు పంపినవాళ్లు ఏమీ అనుకోవద్దు. మనిషిని చూడకుండా ఫిలిం చూసి మందు రాసే అలవాటు నాకు లేదు.

ప్ర: మావారికి 67 ఏళ్లు. హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. చాలా ఏళ్లుగా పార్కిన్సన్స్ (వణుకుడు జబ్బు). మొదట్లో మాత్ర వేసుకుంటే పూటంతా బాగుండేవారు. ఇప్పుడు రెండున్నర గంటలకే మందు దిగిపోతోంది, కాళ్లు నేలకి అతుక్కుపోయినట్టు నిలబడిపోతున్నారు. డాలస్‌లో ఉన్న మా అబ్బాయి మెదడులో కరెంటు పెట్టే ఆపరేషన్ చేయిద్దామంటున్నాడు. మా ఆడపడుచు దూలగొండి చూర్ణం తెచ్చింది, ఇంగ్లీషు మందుకంటే అదే మేలట. ఎవరి మాట వినాలి? (ఒక గృహిణి, తెనాలి)

జ: అమ్మా, ఇద్దరివీ గాలిమాటలు కావు. ముందు మీ ఆడపడుచుగారి సంగతి చూద్దాం. కంచెల మీద పాకే దూలగొండి తీగ తెలుసుగా, కాయ మీది నూగు ఒంటికి తగిలితే గోక్కోలేక చస్తాం. దాని గింజల్లో నిజంగానే లెవోడోపా ఉంది. మాస్టారు వేసుకునే మాత్రలో ఉన్నదీ అదే. తేడా ఏమిటంటే, మాత్రలో ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటుంది, చెంచాడు చూర్ణంలో ఎంత ఉందో ఎవరూ చెప్పలేరు. పైగా మాత్రలో కార్బిడోపా అనే రెండో మందు కలుపుతారు. లెవోడోపా మెదడుకి చేరకముందే ఒంట్లోనే డోపమిన్‌గా (ఈ జబ్బులో మెదడులో తగ్గిపోయే రసాయనం అదే) మారిపోకుండా అది అడ్డుపడుతుంది, అందువల్ల వాంతులు తగ్గుతాయి. చూర్ణం, మాత్ర రెండూ కలిపి వేస్తే మోతాదు లెక్క తప్పి ఒళ్లు మెలికలు తిరుగుతుంది. ఇప్పటికే వేస్తూ ఉంటే మీ డాక్టరు దగ్గర దాచకండి, తిట్టినా పర్లేదు.

ఈ జబ్బు గురించి జేమ్స్ పార్కిన్సన్ 1817లో రాశారు. పెద్ద మోతాదులో లెవోడోపా నోటి ద్వారా ఇస్తే కదల్లేని రోగులు లేచి నడుస్తారని కోట్జియాస్ అనే డాక్టరు 1967లో చూపించారు. అంటే నూటయాభై ఏళ్లు పట్టింది. ఆ తర్వాత ఎన్నో మందులొచ్చాయి కానీ, దాన్ని మించిన మాత్ర ఇవాళ్టికీ లేదు. కాబట్టి ఆపరేషన్‌కంటే ముందు చూడాల్సింది ఆ మాత్రని మనం సరిగ్గా వాడుతున్నామా లేదా అని.

మీరు ఒక్క ముఖ్యమైన విషయం రాయలేదు. మాస్టారు మాత్ర దేనితో వేసుకుంటున్నారు? నా దగ్గరికి ఒక రిటైర్డ్ పోస్టుమాస్టరు వస్తారు. ఆయన జబ్బు మొదట బయటపడింది బ్యాంకులో. సంతకం రానురాను చీమ తలకాయంత అయిపోయి, చెక్కు వెనక్కి వచ్చింది. ఆయనా మీవారిలాగే మందు పూటకి సరిపోవడం లేదని వచ్చారు. అడిగితే, పొద్దున మాత్ర పెసరట్టుతో, మధ్యాహ్నం మాత్ర ముద్దపప్పన్నం మధ్యలో. పప్పులోని ప్రొటీనూ లెవోడోపా ఒకే తలుపు దగ్గర తోసుకునే ప్రయాణికులు, పప్పుదే పైచేయి. మాత్రని భోజనానికి 40 నిమిషాల ముందుకి జరిపి, పప్పూ గుడ్డూ రాత్రి పూటకి మార్చాం. ఐరన్ మాత్రని దీనికి దూరంగా పెట్టాం. కొత్త మందు ఒక్కటీ రాయకుండానే ఆయన పగలు చాలావరకు గాడిన పడింది. అందరికీ ఇంత తేలిగ్గా కుదరదు, ముందు ప్రయత్నించమంటున్నానంతే. ఒక నోటుపుస్తకం తీసుకుని వారం రోజులు గంటగంటకీ రాయండి: నడుస్తున్నారు, బిగుసుకున్నారు, ఒళ్లు మెలికలు తిరుగుతోంది. మాత్ర వేసిన టైము పక్కనే ఉండాలి. లెక్కల మాస్టారు కదా, గ్రాఫు గీసి తెచ్చినా మీ డాక్టరు సంతోషిస్తారు. మోతాదుని చిన్నచిన్న విడతలు చేయడం, మందు ఎక్కువసేపు నిలిచేలా ఇంకో మాత్ర జోడించడం లాంటివి ఆ పుస్తకం చూశాకే తేలతాయి.

ఇక అబ్బాయి చెప్పిన ఆపరేషన్. దాన్ని డీబీఎస్ అంటారు. వణుకు తగ్గించడానికి అప్పట్లో మెదడు లోపల ఒక చిన్న చోటుని కాల్చేవారు. 1987లో ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో బెనాబిద్ అనే సర్జన్, కాల్చే ముందు సరైన చోటేనా అని కరెంటు పెట్టి చూస్తుంటే, ఎక్కువ ఫ్రీక్వెన్సీలో వణుకు ఆగిపోవడం గమనించారు. కాల్చకుండా ఆ కరెంటునే ఉంచేస్తే సరిపోతుంది కదా అనుకున్నారు. అక్కడి నుంచే ఇదంతా. ఇప్పుడు సన్నటి తీగలు మెదడులోకి పంపి, ఛాతీ చర్మం కింద బ్యాటరీ పెడతారు. చాలాచోట్ల తీగ పెట్టేటప్పుడు రోగి మెలకువగానే ఉంటారు. "వేళ్లు ఆడించండి, వారాల పేర్లు వెనక్కి చెప్పండి" అంటూ ఉంటారు. ఆడుతున్న చెయ్యి కరెంటు పెట్టగానే నిలిచిపోవడం చూసి తీరాలి. ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు జలదరిస్తుంది.

కానీ అది అందరికీ కాదు. మాస్టారిని రాత్రి నుంచి మందు ఆపి పొద్దున్నే రమ్మంటారు. ఎలా ఉన్నారో మార్కులు వేసి, తర్వాత మాత్ర ఇచ్చి మళ్లీ వేస్తారు. కనీసం మూడో వంతు తేడా రావాలి. మాత్రకి లొంగని లక్షణం కరెంటుకీ లొంగదు, వణుకు ఒక్కటే మినహాయింపు. కాళ్లు అతుక్కుపోవడం మందు దిగిపోయినప్పుడే ఉంటే ఆశ ఉంది. మందు బాగా పనిచేసే వేళ కూడా అతుక్కుపోతూ ఉంటే, తరచూ పడిపోతూ ఉంటే, మాట ముద్దగా అయిపోతే, మతిమరుపు మొదలైతే, ఆపరేషన్ వల్ల అవి తగ్గవు. కొన్ని పెరగనూ వచ్చు. ఖర్చు లక్షల్లో ఉంటుంది, బ్యాటరీ కొన్నేళ్లకి మార్చాలి, కరెంటు సరిచేయించుకోవడానికి ఆస్పత్రి చుట్టూ తిరగాలి. జబ్బు ముదరడం మాత్రం ఆగదు. ఇవన్నీ అబ్బాయికి చదివి వినిపించి, ఆ పరీక్ష చేయించాక నిర్ణయించుకోండి.

ఒక ముఖ్యమైన సంగతి. మాస్టారు వేరే ఏ జబ్బుతో ఆస్పత్రిలో చేరినా లెవోడోపా ఒక్కసారిగా ఆపనివ్వకండి. వాంతులకి మెటోక్లోప్రమైడ్ ఇంజెక్షన్ వద్దని ముందే చెప్పండి, అది పడితే కొయ్యలా బిగుసుకుపోతారు.

ప్ర: నేను టైలర్ని. రాత్రిళ్లు కుడిచేతి వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తోంది, చెయ్యి విదిలిస్తే తగ్గుతుంది. నరాల బలహీనత అని ఏటా బీ కాంప్లెక్స్ ఇంజెక్షన్లు వేయించుకుంటున్నాను. నరాలకి కొత్త ఇంజెక్షన్ ఏదైనా ఉందా? (సిరిసిల్ల నుంచి)

జ: నరాల బలహీనత అనే జబ్బు మా పుస్తకాల్లో లేదు తమ్ముడూ, మందుల షాపుల్లో మాత్రం ఉంది. విదిలిస్తే తగ్గుతోందంటే మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోతోందని నా అనుమానం. బొటనవేలూ, దాని పక్క రెండు వేళ్లలోనే ఎక్కువగా ఉందేమో చూసుకోండి. రాత్రి పడుకునేటప్పుడు మణికట్టు వంగకుండా పట్టీ కట్టుకోండి. షుగరు, థైరాయిడ్, బీ12 పరీక్షలు చేయించండి. షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్లతరబడి వాడేవాళ్లలో, మాంసం తిననివాళ్లలో బీ12 నిజంగానే తగ్గుతుంది. అలా తగ్గినట్టు తేలితే అప్పుడు ఇంజెక్షన్ వేయించుకోవచ్చు. బొటనవేలి కింది కండ చిక్కిపోతుంటే మాత్రం ఆలస్యం చేయకండి, చిన్న ఆపరేషన్‌తో నరాన్ని వదులు చేస్తారు.

ప్ర: మా నాన్నకి 58. పొద్దున 6 గంటలకి పశువులకి మేత వేస్తుంటే చెయ్యి పట్టు తప్పింది, మూతి వంకర పోయింది. ఊళ్లో ఆర్‌ఎంపీ బీపీ 190 ఉందని నాలుక కింద మాత్ర పెట్టారు. ఒక పెద్దాయన పావురం రక్తం రాయమన్నారు, అదీ అయింది. టౌనులో మొదట వెళ్లిన ఆస్పత్రిలో స్కానింగ్ లేదు. రెండో చోటికి చేరేసరికి మధ్యాహ్నం ఒంటిగంట. "ఇంజెక్షన్ టైము దాటిపోయింది" అన్నారు. ఏమిటా ఇంజెక్షన్? టైముకి ఇచ్చి ఉంటే నాన్న నడిచేవారా? (శ్రీకాకుళం జిల్లా)

జ: బాబూ, నడిచేవారని ఎవరూ హామీ ఇవ్వలేరు. ఆ గంటలు తలుచుకుని ఇంట్లో ఒకరినొకరు తప్పుపట్టుకోకండి. నాన్నకి వచ్చింది పక్షవాతం. ఆ ఇంజెక్షన్ మెదడు రక్తనాళంలో అడ్డుపడిన గడ్డని కరిగిస్తుంది. 1995లో అమెరికాలో వెలువడిన పరిశోధనలో, 3 గంటల్లోపు అది అందినవాళ్లలో పెద్దగా అవిటితనం లేకుండా బయటపడే అవకాశం, అందనివాళ్లకంటే కనీసం 30 శాతం ఎక్కువగా కనబడింది. 2008లో ఆ గడువు నాలుగున్నర గంటలకి పెరిగింది. మొదట వచ్చిన ఆల్టిప్లేస్‌ని గంటసేపు ఎక్కించాలి, ఇప్పుడు టెనెక్టిప్లేస్ ఒక్క విడతలో ఇచ్చేస్తున్నారు. పెద్ద నాళం మూసుకుపోతే తొడ మొదట్లోని ధమని గుండా గొట్టం పంపి గడ్డని లాగేసే పద్ధతి ఉంది. 2015లో వరసగా వచ్చిన పరిశోధనలతో అది స్థిరపడింది. స్కాన్‌లో మెదడు ఇంకా మిగిలి ఉందని తేలిన కొందరికి 24 గంటల వరకూ చేయవచ్చు. అందుకే ఇంజెక్షన్ టైము దాటిపోయిందన్నప్పుడు కూడా ఇంకో ప్రశ్న అడగాలి: "పెద్ద నాళం మూసుకుందా, గడ్డ తీసే చోటికి పంపుతారా?" నిద్రలేచేసరికే పడిపోయినవాళ్లకి కూడా ఎంఆర్‌ఐ చూసి కొందరికి ఇంజెక్షన్ ఇస్తున్నారు.

ఇంత హడావుడి ఎందుకంటే, పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి దాదాపు 19 లక్షల మెదడు కణాలు చనిపోతాయని అంచనా. అలాగని ఊళ్లోనే ఆ ఇంజెక్షన్ పొడిచేద్దామంటే కుదరదు. పక్షవాతం కొందరిలో గడ్డ వల్ల వస్తుంది, కొందరిలో నాళం చిట్లి వస్తుంది. చిట్లినవాళ్లకి ఇస్తే ప్రాణం పోతుంది. రెండిటికీ తేడా చెప్పేది సీటీ స్కానే, నాడి చూసి చెప్పలేం. నాలుక కింద మాత్రతో బీపీ ధబాలున దించడమూ తప్పే. రక్తం అందని భాగానికి ఆ ఒత్తిడే కాస్తో కూస్తో ఆధారం. ఇంజెక్షన్ ఇవ్వాలంటే 185కి దించాలి నిజమే, అది ఆస్పత్రిలో మెల్లగా చేసే పని.

పావురం రక్తం గురించి నన్ను ఏడాది పొడవునా అడుగుతూనే ఉంటారు. దానివల్ల పావురానికి తప్ప నష్టం ఎవరికీ లేదనుకోకండి, దానికోసం పోయిన గంట మీ నాన్నది. ముఖం ఒక్కటే వంకరపోయే బెల్స్ పాల్సీ అనే జబ్బు చాలామందికి దానంతట అదే తగ్గుతుంది. పావురానికి వచ్చిన పేరు చాలావరకు ఆ లెక్కలోదే.

ఇప్పుడు చేయాల్సింది చెప్తాను. మొదటి మూడు నెలల్లో ఫిజియోథెరపీ వల్ల వచ్చేంత మార్పు తర్వాత అంత తేలిగ్గా రాదు, ఒక్కరోజు కూడా మానకండి. బీపీ మాత్ర, రక్తం పల్చబడే మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర డాక్టరు ఆపమంటేనే ఆపాలి. చుట్ట ఉంటే ఇవాళే ఆగాలి. రెండోసారి రావడం చాలా మామూలు. అందుకని మీ ఊరికి దగ్గర్లో రాత్రిపూట కూడా సీటీ తీసి ఈ ఇంజెక్షన్ ఇచ్చే ఆస్పత్రి ఏదో ఈ వారమే వాకబు చేసి, ఆ నంబరు గోడ మీద రాసిపెట్టుకోండి. మూతి వంకరపోయినా, చెయ్యి జారినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయాలి. మనిషి చివరిసారి బాగా ఉన్నది ఎన్నింటికో గుర్తుపెట్టుకోవాలి. కాఫీ, మంచినీళ్లు, మాత్ర ఏవీ నోట్లో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి.

ప్ర: మా అమ్మాయికి 24 ఏళ్లు. పదహారో ఏట నుంచి ఫిట్స్. వాల్‌ప్రోయేట్ వాడుతోంది, మూడేళ్లుగా ఒక్కసారీ రాలేదు. సంబంధం కుదిరింది. అబ్బాయివాళ్లకి చెప్పొద్దని మా అత్తగారు, ముహూర్తానికి ముందు మందు ఆపేయమని మా అన్నయ్య. పిల్లలు పుడతారా? కొత్త మందులున్నాయా? (కరీంనగర్)

జ: మీ అన్నయ్యగారి సలహా అన్నిటికంటే ప్రమాదం. పెళ్లంటేనే నిద్ర ఉండదు, ముహూర్తం దాకా తిండి ఉండదు. ఆ టైములో మందు కూడా ఆపేస్తే ఫిట్స్ పీటల మీదే వస్తాయి.

మందు మార్చడం మాత్రం నిజంగానే అవసరం, అదీ ఇప్పుడే. వాల్‌ప్రోయేట్ మంచి మందు, కొన్ని రకాల ఫిట్స్‌కి అంతగా పనిచేసేది మరోటి లేదు కూడా. కానీ గర్భంతో ఉండగా వాడితే నూటికి సుమారు పదిమంది పిల్లల్లో పుట్టుకతో లోపాలు, ముప్ఫై నలభైమందిలో ఎదుగుదల, చదువు విషయంలో ఇబ్బందులు కనిపించాయి. లామోట్రిజిన్, లెవెటిరాసెటామ్‌లతో ఈ భయం చాలా తక్కువ. ఒకటి తగ్గిస్తూ ఒకటి పెంచుతూ మార్చడానికి నెలలు పడుతుంది, మీకు మీరుగా చేయకండి. నెల తప్పాక పరుగెత్తుకొస్తే లాభం తక్కువ. బిడ్డ వెన్నుపాము గొట్టం మూసుకునేది మొదటి 28 రోజుల్లోనే, అప్పటికి చాలామందికి గర్భం సంగతే తెలియదు. ఫోలిక్ యాసిడ్ కూడా ఆ లోపే మొదలవ్వాలి. అన్నట్టు, ఫోలిక్ యాసిడ్‌ని 1940లలో అమెరికాలోని లెడర్లీ అనే మందుల కంపెనీ ల్యాబులో కృత్రిమంగా తయారుచేసిన బృందాన్ని నడిపింది మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారే. పిల్లలు పుడతారమ్మా. ఫిట్స్ ఉన్న తల్లుల్లో ఎక్కువమంది ఆరోగ్యంగా ఉన్న బిడ్డల్నే కంటున్నారు.

అబ్బాయివాళ్లకి చెప్పండి. నా ముందు కూర్చుని ఏడ్చిన కోడళ్లని చూసి చెప్తున్నా. ఒకమ్మాయి మాత్రలు గాజుల పెట్టెలో దాచుకుని, ఆడపడుచు గదిలో ఉందని వరసగా రెండు పూటలు వేసుకోలేకపోయింది. మూడో పూట వంటింట్లో పొయ్యి దగ్గర పడింది. చట్టం కూడా మారింది. పెళ్లికి అడ్డంకుల్లో మూర్ఛని చేర్చిన మాటని హిందూ వివాహ చట్టం నుంచి 1999లో తీసేశారు. తెలిశాక వెనక్కి తగ్గే సంబంధం ఇప్పుడు తగ్గడమే నయం.

అత్తగారింట్లో వాళ్లకి ఇది కూడా నేర్పండి: ఫిట్స్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, టైము చూడాలి. చేతిలో తాళంచెవులు, నోట్లో చెంచా పెట్టకూడదు. అయిదు నిమిషాలు దాటితే ముక్కులో కొట్టే మిడజోలామ్ స్ప్రే ఉంది, డాక్టరు చేత రాయించుకుని ఇంట్లో ఉంచండి.

ప్ర: మా బంధువుల బాబుకి ఎనిమిది నెలలు. మెడ నిలపడు, కాళ్లు కదపడు, కళ్లు మాత్రం చురుగ్గా ఉంటాయి. ఎస్‌ఎంఏ అన్నారు, వెన్నులోని నరకణాలు చచ్చిపోయి కండరాలు చచ్చుబడే జన్యుజబ్బట. 16 కోట్ల ఇంజెక్షన్ కోసం చందాలు పోగుచేస్తున్నారు. తల్లిదండ్రులది మేనరికం. వేరే దారి లేదా? (ఖమ్మం)

జ: ఉంది, అందుకే ఈ ఉత్తరానికి పత్రిక వచ్చేదాకా ఆగకుండా విడిగా కూడా జవాబు రాశాను. ఈ జబ్బుకి 2016 దాకా మందే లేదు. ఆ ఏడాది వెన్నులోకి ఇచ్చే నుసినెర్సెన్, 2019లో ఒక్కసారి ఇచ్చే జీన్ థెరపీ (మీరన్న 16 కోట్లది), 2020లో రోజూ తాగించే రిస్‌డిప్లామ్ వచ్చాయి. ఈ మూడోది సీసా 6 లక్షల పైచిలుకు ఉండేది. పేటెంటు కేసు కోర్టుల్లో నడిచాక, 2025 అక్టోబరులో హైదరాబాదు కంపెనీ నాట్కో దాని జనరిక్‌ని సీసా 15,900 రూపాయలకి విడుదల చేసింది. పెద్దయ్యేకొద్దీ సీసాలు ఎక్కువ కావాలి, జీవితాంతం తాగించాలి, అయినా ఇది చందాల మీద ఆధారపడాల్సిన లెక్క కాదు. చచ్చిపోయిన నరకణాలని ఏ మందూ బతికించలేదు, ఉన్నవాటిని కాపాడుతుంది. చందాలు పూర్తయ్యేదాకా మందు లేకుండా కూర్చోవడం అందుకే తప్పు. నిమ్స్‌లో అరుదైన జబ్బుల కేంద్రం ఉంది, కేంద్ర ప్రభుత్వ పథకం కింద 50 లక్షల దాకా సాయానికి అక్కడే దరఖాస్తు చేయాలి. ఆ తల్లికి మళ్లీ నెల తప్పితే మూడో నెలలోనే బిడ్డకి పరీక్ష చేయించాలి, ప్రతి కాన్పుకీ నాలుగో వంతు ముప్పు ఉంటుంది. మేనమామల వైపూ మేనత్తల వైపూ పెళ్లీడు పిల్లలుంటే వాళ్ల చేత కూడా జన్యుపరీక్ష చేయించమనండి.

ప్ర: అమ్మకి 81. ఆరేళ్లుగా అల్జీమర్స్, ఇప్పుడు నన్ను కూడా గుర్తుపట్టదు. అమెరికాలో కొత్త ఇంజెక్షన్ వచ్చిందని, తెప్పిస్తానని మా మేనల్లుడు అంటున్నాడు. (విశాఖపట్నం)

జ: తెప్పించవద్దు. అది లెకానెమాబ్ అయి ఉంటుంది, అక్కడ 2023లో అనుమతి వచ్చింది. జబ్బు తొలిదశలో ఉన్నవాళ్లలో పరీక్షిస్తే, ఏడాదిన్నరలో దిగజారడం నాలుగో వంతుకి కాస్త పైగా నెమ్మదించింది. పోయిన జ్ఞాపకం తిరిగి రాలేదు. అమ్మగారి దశలో దాన్ని వాడరు. మెదడులో వాపు, రక్తస్రావం రావచ్చు, అందుకని మాటిమాటికీ ఎంఆర్‌ఐ తీయాలి. ఆ డబ్బుతో రాత్రిపూట చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టుకోండి, మీరు నిద్రపోయి ఎన్నాళ్లయిందో మీ ఉత్తరం చూస్తేనే తెలుస్తోంది. అమ్మ వాడుతున్న మందులన్నీ ఒక సంచిలో వేసి డాక్టరుకి చూపించండి. నిద్రమాత్రలు, జలుబు మాత్రలు, మూత్రం ఆపుకోవడానికి ఇచ్చే మాత్రల్లో కొన్ని మతిని ఇంకా మసకబారుస్తాయి. చెవిలో గులిమి ఉందేమో చూపించి, వినికిడి పరీక్ష కూడా చేయించండి.